కిటికీ మూలన మట్టిగూడు: భ్రమర కీటక న్యాయాన్ని మళ్ళీ ఒకసారి చూద్దాం



వానలు కాస్త తెరిపి ఇచ్చాక మన ఇళ్ళలోకి ఒక అతిథి వస్తుంటుంది. నడుము దారంలా సన్నగా ఉంటుంది. కాళ్ళు కిందికి వేలాడేసుకుని కిటికీ దగ్గర జుయ్‌మని తిరుగుతుంది. రెండు రోజులు పోయాక చూస్తే కిటికీ ఫ్రేమ్ మూలనో, స్విచ్ బోర్డు పక్కనో, ఒక్కోసారి దేవుడి పటం వెనకో మట్టి ముద్ద ఒకటి అతుక్కుని ఉంటుంది. హైదరాబాద్‌లో ఏడో అంతస్తు ఫ్లాట్ అయినా అంతే, జహీరాబాద్ పక్కన మొగుడంపల్లిలో పాత ఇల్లయినా అంతే.

చూడగానే మనం చేసే పని కూడా దాదాపు ఒకటే. "అమ్మో కందిరీగ, కుట్టేస్తుంది" అని ఒకరు అరుస్తారు. ఇంకొకరు చెప్పు తీస్తారు, లేదా స్ప్రే డబ్బా వెతుకుతారు. పని అయిపోతుంది. సాయంత్రం అదే ఇంట్లో ప్రవచనం వింటూ కూర్చుంటాం. అందులో భ్రమర కీటక న్యాయం వస్తుంది. భ్రమరం ఒక పురుగును తెచ్చి గూట్లో పెట్టి మూసేస్తుంది, ఆ పురుగు భయంతో భ్రమరాన్నే తలుచుకుంటూ చివరికి తానూ భ్రమరమైపోతుంది, అలాగే భక్తుడు భగవంతుణ్ణి ధ్యానిస్తూ ఆయన రూపమే పొందుతాడు. వింటూ తల ఊపుతాం. పొద్దున చంపిన పురుగు, సాయంత్రం గురువైన పురుగు ఒకటే అన్న సంగతి చాలామందికి తట్టదు.

అందుకే ఈ వారం రెండు ప్రశ్నలు. ఆ గూట్లో నిజంగా జరిగేది తెలిసిన తర్వాత ఈ న్యాయాన్ని మనం ఎలా చెప్పుకోవాలి? ఆ పురుగు మన గోడ మీదికే వచ్చినప్పుడు మన ధర్మం ఏంటి?

ముందు గుర్తుపడదాం

వేదాంతంలో తాడు, పాము ఉదాహరణ మీ అందరికీ తెలిసిందే. మసక చీకట్లో తాడును చూసి పాము అనుకుంటాం, గుండె దడదడలాడుతుంది. దీపం తెస్తే భయం పోతుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. దీపం తెచ్చేది "అన్నీ తాళ్ళే, భయపడకు" అని చెప్పడానికి కాదు. ఒక్కోసారి అది నిజంగానే పాము కావచ్చు. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటం వివేకం. పురుగుల విషయంలోనూ అదే మొదటి మెట్టు.

కందిరీగ అని మనం ఒకే పేరుతో పిలిచేవాటిలో రెండు రకాల బతుకులున్నాయి. కొన్ని గుంపుగా బతుకుతాయి. నమిలిన చెక్కపీచుతో కాగితం లాంటి గూడు కడతాయి. అందులో రాణి ఉంటుంది, పనివాళ్ళుంటారు. గూటి జోలికి వెళితే కలిసికట్టుగా మీద పడతాయి. వీటి విషయంలో మన భయం సబబే. రెండో రకం ఒంటరివి. రాణి లేదు, సైన్యం లేదు. ఒక్క ఆడ ఈగ తానే గూడు కట్టి, తానే వేటాడి, తన పిల్లలకు తానే తిండి దాస్తుంది. గూటిని కాపలా కాస్తూ మనుషుల మీద దాడి చెయ్యడం దీని స్వభావం కాదు. చేత్తో పట్టుకుంటేనో, బట్టల్లో ఇరుక్కుంటేనో కుడుతుంది. అదీ ఆడది మాత్రమే. ఎందుకంటే కుట్టే ముల్లు గుడ్లు పెట్టే అవయవం నుంచి రూపుమారి వచ్చింది, మగవాటికి అది ఉండదు.

మన ఇళ్ళలో కనిపించే పెద్ద ఒంటరి కందిరీగలు కొన్ని చూద్దాం.

నల్లటి ఒళ్ళు, కాళ్ళ మీద పసుపు, పొడవాటి సన్నని నడుము ఉంటే అది మట్టిగూళ్ళు కట్టే స్కెలిఫ్రాన్. మన దగ్గర ఉండే ఒక జాతికి 1781లో ఫాబ్రిషియస్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు మద్రాస్‌పటానమ్. అంటే మన మద్రాసు పేరే. ఇది బురద ఉండలు మోసుకొచ్చి గొట్టాల్లాంటి గదులు పక్కపక్కనే కట్టి, పైన మట్టి మెత్తుతుంది. దూరం నుంచి చూస్తే ఎవరో గుప్పెడు మట్టి గోడకేసి కొట్టినట్టుంటుంది. ఇది పట్టుకొచ్చేవి సాలీళ్ళు.

ఇటుక రంగు, పసుపు కలిసిన ఒళ్ళుతో కాస్త బరువుగా కనిపించేది డెల్టా. దీని గూడు చూస్తే ముచ్చటేస్తుంది. చిన్న కూజాలాగా గుండ్రటి పొట్ట, మూతి దగ్గర అంచు. ఇది తెచ్చేవి గొంగళి పురుగులు. మన న్యాయంలో చెప్పే "కీటకం" ఇదే అయి ఉండాలి.

నీలంగా, లోహంలా మెరిసేది కాలిబియాన్. ఇది ఎక్కువగా వేరేవాళ్ళు వదిలేసిన పాత గూళ్ళను బాగుచేసుకుంటుంది. సాలీళ్ళే దీని వేట. పచ్చలా తళతళలాడుతూ తొడలు ఎర్రగా ఉండేది ఆంప్యులెక్స్. బాత్రూమ్ మూలల్లో, పాత సామాన్ల దగ్గర తిరిగితే బొద్దింకల కోసం వచ్చిందని అర్థం. నల్లగా, ఒళ్ళంతా నూగుతో, పొట్ట మీద పసుపు పట్టీలతో నేలకు దగ్గరగా తిరిగేవి స్కోలియా రకాలు. పేడకుప్పల్లో, మట్టిలో ఉండే పెంకుపురుగుల పిల్లలు వీటి వేట. ఇక వాసాల్లో, ఎండు వెదురులో గుండ్రటి బెజ్జం చేసేది అసలు కందిరీగే కాదు. అది తుమ్మెద, తేనెటీగల చుట్టం.

ఇంతకీ భ్రమరం అంటే మనకు తుమ్మెద. శ్రీశైలంలో అమ్మవారు భ్రమరాంబిక. రెండు కాళ్ళ, నాలుగు కాళ్ళ జీవుల వల్ల చావు లేకుండా వరం పొందిన అరుణాసురుణ్ణి ఆమె ఆరు కాళ్ళ భ్రమరాలతో సంహరించిందని దేవీభాగవతం చెబుతుంది. పురుగును కట్టి గూట్లో పెట్టే పని మాత్రం తుమ్మెద చెయ్యదు, అది పువ్వుల పుప్పొడి దాచుకుంటుంది. ఆ పని చేసేది కందిరీగ. భాగవతంలోనూ అవధూత యదు మహారాజుకు తన ఇరవై నలుగురు గురువుల గురించి చెప్పినప్పుడు చివరి గురువుకు వాడిన పేరు పేశస్కృత్. అది ఈ గూడు కట్టే కందిరీగే. దానికి ముందు గురువు సాలీడు. ప్రకృతిలో ఒకటి ఇంకొకదాని ఆహారం, ఆ జాబితాలో మాత్రం ఇద్దరూ పక్కపక్కన కూర్చున్న గురువులు!

గూట్లో జరిగేది

డెల్టా కందిరీగ కూజా కట్టడం పూర్తయ్యాక లోపలి కప్పు నుంచి సన్నని దారానికి ఒక గుడ్డు వేలాడదీస్తుంది. ఆ తర్వాత వేటకు వెళుతుంది. గొంగళి పురుగును పట్టి కుడుతుంది. ఆ విషంతో పురుగు చావదు, కదలలేకపోతుంది. చస్తే కుళ్ళిపోతుంది, పిల్లకు తిండి పనికిరాదు. అందుకే బతికి ఉండాలి, కదలకూడదు. అలాంటివి కొన్నింటిని కూజాలో కూరి, మూతి మూసేసి తల్లి వెళ్ళిపోతుంది. మళ్ళీ వెనక్కి రాదు. గుడ్డు పగిలి పిల్లపురుగు వస్తుంది. తల్లి దాచిన పురుగులను ఒక్కొక్కటిగా తింటుంది, ప్యూపా అవుతుంది, కొన్ని వారాలకు రెక్కలతో గోడకు బెజ్జం చేసుకుని ఎగిరిపోతుంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో జాన్ హెన్రీ ఫాబ్ర్ అనే బడిపంతులు ఏళ్ళ తరబడి ఇలాంటి కందిరీగలను చూసి ఈ కథనంతా రాశాడు. కానీ ఆయనకంటే చాలా ముందే ఇంకొకాయన గూడు విప్పి చూశాడు. చైనాలో కూడా మనలాంటి నమ్మకమే ఉండేది. కందిరీగకు సొంత పిల్లలుండవని, గొంగళి పురుగును తెచ్చి పెంచుకుని తనలా మార్చుకుంటుందని అనుకునేవారు. అక్కడి భాషలో పెంచుకున్న కొడుక్కి ఆ పురుగు పేరుతో ఒక మాటే ఉంది. ఐదు, ఆరు శతాబ్దాల మధ్య బతికిన టావో హోంగ్‌జింగ్ అనే వైద్యుడు, తావో మార్గపు సాధకుడు, ఈ గూళ్ళను పరిశీలించి పురుగు మారడం లేదని, అది ఆహారమని, గుడ్డు కందిరీగదేనని చెప్పాడు.

చూడండి, రెండు దేశాల్లో చూసింది ఒకటే. గూట్లోకి పురుగు వెళ్ళింది, గూట్లోంచి కందిరీగ వచ్చింది. మధ్యలో మట్టి గోడ అడ్డం. ఆ గోడ వెనక జరిగింది చైనావాళ్ళు పెంపకం అనుకున్నారు, మనవాళ్ళు ధ్యానం అనుకున్నారు. ఎవరి మనసులో ఏది గొప్పదో దాన్నే చూశారు. మన పెద్దలను తక్కువ చెయ్యడానికి ఈ మాట అనడం లేదు. వాళ్ళు ఓపిగ్గా గోడ మీది పురుగును చూశారు. లోపలికి వెళ్ళిందీ బయటికి వచ్చిందీ సరిగ్గానే గమనించారు. ఆ చూపు మనకు ఇప్పుడు అంత కూడా లేదు.

మరి శాస్త్రం తప్పా?

ఈ మాట రాగానే మన తరంలో రెండు రకాల స్పందనలు వస్తాయి. ఒకటి: "చూశారా, అంతా ఉత్తదే." రెండోది: "లేదు లేదు, ఇందులో మనకు తెలియని రహస్య సైన్స్ ఉంది." రెండింటికీ తొందర ఎక్కువ.

మన సంప్రదాయంలోనే దీనికి జవాబుంది. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం అరవై ఆరో శ్లోకానికి రాసిన భాష్యంలో శంకరాచార్యులు ఒక మాటంటారు. నిప్పు చల్లగా ఉంటుందని వంద శ్రుతివాక్యాలు చెప్పినా అది ప్రమాణం కాదు అని. ప్రత్యక్షంగా తెలిసే సంగతికి ప్రత్యక్షమే ప్రమాణం. కంటికి, బుద్ధికి అందనిదాన్ని చెప్పడం శాస్త్రం పని. పురుగు ఎలా పుడుతుందో చూసి తెలుసుకోవచ్చు కాబట్టి అది శాస్త్రం బరువు మోయాల్సిన విషయమే కాదు.

అలాగే దృష్టాంతం వేరు, దాంతో చెప్పదలిచినది వేరు. చెప్పదలిచినది ఇది: మనసు దేన్ని పట్టుకుని ఉంటుందో ఆ రూపం తీసుకుంటుంది. భాగవతం ఏడో స్కంధంలో నారదుడు ధర్మరాజుకు ఇదే చెబుతాడు. ప్రేమతో తలుచుకున్నా, భయంతో తలుచుకున్నా, ద్వేషంతో తలుచుకున్నా మనసు అందులో మునిగిపోతుందని. దీనికి సాక్ష్యం కావాలంటే గూడు విప్పక్కర్లేదు. ఆఫీసులో మనకు పడని మనిషి గురించి ఆరు నెలలు రోజూ అనుకుని చూడండి, మన మాటతీరు అతని మాటతీరులా అయిపోతుంది. పాత స్నేహితుడి స్టేటస్‌లు రాత్రి ఒంటిగంట దాకా చూసే మనిషి పగలు కూడా అక్కడే బతుకుతాడు. రోజూ కాసేపు నామం చెప్పుకునే ముసలమ్మ ముఖంలో కనిపించే నెమ్మది కూడా ఇలాంటిదే. ఈ సత్యానికి సాక్షి పురుగు కాదు, మనమే.

అయితే "ఉదాహరణే కదా, తప్పయితే ఏం పోయింది?" అనుకోవచ్చు. ఇక్కడే అసలు చిక్కుంది. ఈ ఉదాహరణలోని తప్పు వల్ల పోయేది చిన్నది కాదు.

భ్రమర కీటక న్యాయాన్ని గురుశిష్యులకు కూడా వాడతారు. గురువు భ్రమరంలా శిష్యుణ్ణి కుట్టి కుట్టి తనలా మార్చుకుంటాడు, కాబట్టి నొప్పిని భరించు, ప్రశ్నించకు, కదలకు అని. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ గూట్లో నిజంగా జరిగేది ఏంటి? కుట్టించుకున్న పురుగు కందిరీగ కాలేదు. దాని కదలిక పోయింది, ఆ తర్వాత అది ఇంకొకరి పిల్లకు తిండి అయింది. బయటికి వచ్చిన రెక్కలు దానివి కావు.

ఆంప్యులెక్స్ ఇంకా వివరంగా చూపిస్తుంది. అది బొద్దింకను రెండుసార్లు కుడుతుంది. మొదటిసారి ముందుకాళ్ళు కాసేపు పడిపోయేలా. రెండోసారి నేరుగా తలలో, మెదడు దగ్గర. అప్పుడు బొద్దింకకు నడిచే శక్తి ఉంటుంది, తప్పించుకోవాలన్న ప్రేరణ మాత్రం పోతుంది. కందిరీగ దాని మీసం పట్టుకుని నడిపిస్తే కుక్కపిల్లలా వెంట నడుస్తుంది, తన సమాధిలోకి. బయటినుంచి చూసేవాళ్ళకు అది విధేయతలాగే కనిపిస్తుంది.

మనలో చాలామంది ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నాం. మార్గం చూపే మనిషి కోసం వెతుకుతుంటాం. ఆధ్యాత్మిక గురువు కావచ్చు, బాస్ కావచ్చు, ప్రేమించిన మనిషి కావచ్చు. "నిన్ను మార్చడానికే బాధపెడుతున్నా" అనే మాట ఎవరి నోటినుంచి వచ్చినా ఈ గూడు గుర్తు తెచ్చుకోండి. ఒక ప్రశ్న వేసుకోండి. ఈ మనిషి దగ్గరికి వచ్చాక నా కదలిక పెరిగిందా, తగ్గిందా? నా స్నేహితులు, నా చదువు, నా నిద్ర, "కాదు" అనే నా ధైర్యం, ఇవన్నీ పెరిగాయా, ఒక్కొక్కటీ ఊడిపోయాయా? నేను మారుతున్నానా, ఖర్చవుతున్నానా?

కఠినంగా ఉండే గురువులందరూ చెడ్డవాళ్ళని కాదు దీని అర్థం. సంగీతం నేర్పే గురువు తిడతాడు, కానీ పదేళ్ళకు శిష్యుడి గొంతు శిష్యుడిదే అవుతుంది. గీతలో శ్రీకృష్ణుడు పద్దెనిమిది అధ్యాయాలు బోధించాక, శరణాగతి శ్లోకానికి కాస్త ముందు, అర్జునుడితో ఏమంటాడు? చెప్పింది మొత్తం బాగా ఆలోచించుకుని నీకు ఎలా అనిపిస్తే అలా చెయ్యి అంటాడు. విశ్వరూపం చూపించినవాడు కూడా శిష్యుడి చేతిలో నిర్ణయం ఉంచాడు. గురువుకు, కందిరీగకు తేడా అక్కడుంది. సగం తెలిసిన ఉదాహరణ ఆ తేడాను చెరిపేస్తుంది. అందుకే దాన్ని సరిచెయ్యడం శాస్త్రానికి ద్రోహం కాదు, సేవ.

కావాలంటే ఆ గూడు నుంచే వేరే పాఠం తీసుకోవచ్చు. గుడ్డు మొదటినుంచీ కందిరీగదే. చీకట్లో ఉంది, తనకు రెక్కలున్నాయని దానికి తెలియదు, సమయం వచ్చాక బయటపడింది. జీవుడు కొత్తగా బ్రహ్మం కానక్కర్లేదు, ఉన్నదాన్ని తెలుసుకుంటే చాలు అనే అద్వైతానికి ఇది దగ్గరగా ఉంటుంది. కానీ ఈ ఉపమానానికీ హద్దుంది. ఆ రెక్కల వెనక కొన్ని గొంగళి పురుగులున్నాయి. వాటిని మర్చిపోయి పాఠం చెప్పుకోకూడదు.

గొంగళి పురుగు వైపు నుంచి

1860లో చార్లెస్ డార్విన్ తన స్నేహితుడు, అమెరికా వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రేకి ఉత్తరం రాస్తూ ఈ బాధే పడ్డాడు. బతికి ఉన్న గొంగళి పురుగుల ఒంట్లో పెరిగి వాటిని తినే కందిరీగలను దయగల దేవుడు కావాలని సృష్టించాడంటే తన మనసు ఒప్పుకోవడం లేదన్నాడు. ఈ ప్రశ్న వేసినవాడు నాస్తికుడు, మనకెందుకు అని తోసెయ్యకండి. మనవాళ్ళూ ఇదే ప్రశ్న వేసుకున్నారు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఇది నేరుగా వస్తుంది: లోకంలో ఇంత హెచ్చుతగ్గు, ఇంత క్రూరత్వం ఉంటే ఈశ్వరుడికి పక్షపాతం, నిర్దయ ఉన్నట్టా? శంకరులు అక్కడ వాన ఉదాహరణ ఇస్తారు. వాన అన్ని విత్తనాలకూ ఒకటే, వరి వరిగా, యవలు యవలుగా మొలవడం విత్తనాన్ని బట్టి. అలాగే జీవుల తేడాలు వాళ్ళ కర్మను బట్టి.

ఈ జవాబు ఈశ్వరుడి మీద నింద తీసేస్తుంది, సరే. కానీ దీన్ని ఎక్కడ వాడాలో జాగ్రత్తగా ఉండాలి. ఎదుటివాడి బాధ చూసి "వాడి కర్మ" అని పక్కకు తిరిగిపోవడానికి ఇది రాయలేదు. కర్మ సిద్ధాంతం నా చేతిని నేను చూసుకోవడానికి. ఇప్పుడు నేను వేసే విత్తనం ఏంటి అని అడుక్కోవడానికి.

మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ ఉంది. మిథిలలో మాంసం అమ్ముకునే మనిషి కౌశికుడనే బ్రాహ్మణుడికి ధర్మం చెబుతాడు. నాగలి పట్టి దున్నినా జీవులు చస్తాయి, నేల మీద నడిచినా చస్తాయి, పూర్తిగా హింస లేకుండా బతికే మనిషి లేడు అంటాడు. అయినా యతులు అహింస కోసం ప్రయత్నిస్తారు, ఆ ప్రయత్నంతో హింస తగ్గుతుంది అని కూడా అంటాడు. ఈ రెండో మాట మర్చిపోతే మొదటిది సాకు అయిపోతుంది.

కందిరీగకు ఎంపిక లేదు. దాని పిల్ల ఆకు తిని బతకలేదు. గొంగళి పురుగుకూ ఎంపిక లేదు. ఈ మొత్తం దృశ్యంలో "చెయ్యనా, మాననా" అని ఆగి అడగగలిగేది ఒక్కరే, చెప్పు చేత పట్టుకుని నిలబడ్డ మనం. అందుకే ధర్మం ప్రశ్న వాటిది కాదు, మనది.

మన గోడ, మన ధర్మం

మొగుడంపల్లి 2016లో జిల్లాల పునర్విభజన సమయంలో మండలమైంది. సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక అంచున ఉంటుంది. ఈ జహీరాబాద్ ప్రాంతం ఎర్రమట్టి, మెట్ట చేలకు పేరు. ఇక్కడి కంది చేనుకు పెద్ద శత్రువు కాయ తొలిచే పచ్చ పురుగు. డెల్టా లాంటి కందిరీగలు వేటాడేది అలాంటి పురుగులనే. మనం ఇంట్లో పప్పు తింటూ, కిటికీ దగ్గర దాన్ని చంపుతుంటాం. అలాగని "రైతుకు మేలు చేస్తుంది కాబట్టి బతకనివ్వాలి" అంటే అది బేరం అవుతుంది. ఉపయోగం లేని జీవికి చోటు లేదా మరి? గృహస్థుకు చెప్పిన పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. ఇంటి చుట్టూ బతికే జీవులకు రోజూ ఒక ముద్ద తీసి పెట్టడం. మన అమ్మమ్మలు బియ్యప్పిండితో ముగ్గు వేసేది చీమలకు కూడా. ఫ్లాట్‌లో ముద్ద పెట్టే గడప లేకపోవచ్చు. గోడ మీద జానెడు చోటు మాత్రం ఉంది.

గృహస్థుకు ఇంకో ధర్మం కూడా ఉంది, ఇంట్లోవాళ్ళను కాపాడటం. రెండూ కలిపి చూస్తే దారి ఇలా ఉంటుంది.

గూడు మట్టిదా, కాగితం లాంటిదా ముందు చూడండి. కాగితం గూడు, చుట్టూ చాలా ఈగలు, పిల్లలు తిరిగే చోటు అయితే రాళ్ళు వెయ్యొద్దు, పొగ పెట్టొద్దు. తెలిసిన పనివాళ్ళను పిలిచి తీయించండి. ఇందులో తప్పు లేదు, ఆలస్యం చెయ్యడమే తప్పు. ఇంట్లో ఎవరికైనా ఈగ కుడితే ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం లాంటివి గతంలో వచ్చి ఉంటే ఇంకా జాగ్రత్త. ఎవరికైనా కుట్టాక ముఖం, గొంతు వాచినా, ఊపిరి అందకపోయినా ఇంటి వైద్యాలు పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళండి. మామూలు వాపు, మంట అయితే కడిగి చల్లటి గుడ్డ పెడితే సరిపోతుంది.

మట్టి గూడు, ఒక్కటే ఈగ అయితే వదిలెయ్యండి. కట్టడం అయ్యాక అదే వెళ్ళిపోతుంది. గూటికి గుండ్రటి బెజ్జాలు పడ్డాయంటే పిల్లలు ఎగిరిపోయినట్టే, అప్పుడు గీకి శుభ్రం చేసుకోవచ్చు. అయితే కాలిబియాన్ లాంటివి పాత గూట్లో దిగుతాయి కాబట్టి మళ్ళీ మూసుకుపోయిన బెజ్జం ఉంటే ఇంకొన్నాళ్ళు ఆగండి. ప్లగ్ పాయింట్‌లో, గ్యాస్ గీజర్ గొట్టంలో, ఏసీ పైపులో గూడు కడితే మాత్రం అది ప్రమాదమే. అలాంటి బెజ్జాలకు ముందుగానే జాలీ బిగించండి. గూడు కట్టాక పగలగొట్టడం కంటే కట్టకముందే చోటు మూయడం అహింసకు దగ్గర. ఈగ ఇంట్లో దారి తప్పి తిరుగుతుంటే లైటు ఆపి, కిటికీ తెరవండి. లేదా గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దూర్చి బయట వదలండి.

ఇంత ఆలోచన ఒక పురుగు కోసమా అనిపించవచ్చు. నిజమే, పురుగు చిన్నదే. కానీ మన అలవాటు చిన్నది కాదు. తెలియనిది కనిపించగానే కొట్టే చెయ్యి ఒక్క పురుగు దగ్గర ఆగదు. కొత్తగా వచ్చిన అద్దెవాళ్ళ దగ్గర, వేరే భాష మాట్లాడే సహోద్యోగి దగ్గర, మనకు అర్థం కాని మన పిల్లల దగ్గర కూడా లేస్తుంది. మనసు దేన్ని పట్టుకుంటే ఆ రూపం తీసుకుంటుందని న్యాయం చెప్పింది కదా. ముల్లు గురించే రోజూ భయపడే మనిషికి చివరికి ముల్లు మొలుస్తుంది.

ఈ వారం ఒక చిన్న సాధన చేద్దాం. ఇంట్లో మట్టి గూడు కనిపిస్తే, ఏం చెయ్యాలో నిర్ణయించే ముందు పావుగంట దూరంగా కూర్చుని చూడండి. అది ఏ రంగులో ఉంది, ఏం మోసుకొస్తోంది, ఎటు వెళుతోంది అని. ఫోన్ పక్కన పెట్టండి. నిర్ణయం ఆ తర్వాత, మీదే.

వచ్చే వారం అవధూత గురువుల్లో ఇంకొకరైన కొండచిలువ గురించి మాట్లాడుకుందాం. శుభం.